గొంతు నమ్మి లైన్‌లో ఉన్నవాళ్ళు

పోయినవారం మనం సుందర్ రాజ్ గారిని అంబులెన్స్‌లో వదిలిపెట్టి వచ్చాం. ఇంట్లో ఆయనకు ఆక్సిజన్ అందించే మెషీన్ శనివారం పొద్దున మొరాయించింది. భార్య పర్సిస్ ఆ మెషీన్ కంపెనీకి ఫోన్ చేసి, లైన్‌లో పడిగాపులు పడి, ఆయన పెదవులు నీలంగా మారాక గానీ అంబులెన్స్‌ని పిలవలేదు. ఆయన బతికారు. ఐసీయూలో ఉన్నారు. ఆ కంపెనీ ఫోన్ లైన్ తయారుచేసిన దెబోరా, వాళ్ళ చర్చిలోనే, వాళ్ళ వెనక వరసలోనే కూర్చుంటుంది. ఈ సంగతి మనకు తెలుసు, దెబోరాకు తెలుసు. ఇంకెవరికైనా తెలిసిపోయిందేమోనని వారమంతా ఆమె సరిగ్గా అన్నం తినలేదు.

ఏ కంపెనీకైనా ఫోన్ చేయగానే ఒక గొంతు మొదలుపెడుతుంది కదా, ఇందుకైతే ఒకటి నొక్కండి, అందుకైతే రెండు నొక్కండి అని. మనందరం పళ్ళు నూరుకుంటూ వినే ఆ గొంతు వెనక దారులు వేసేవాళ్ళలో దెబోరా ఒకతె. ఒకటి నొక్కినవాళ్ళు ఎటు పోవాలి, ఏమీ నొక్కకుండా బిక్కమొహం వేసేవాళ్ళు ఎటు పోవాలి, ఎవరిని మనిషి దాకా పంపాలి, ఎవరిని మనిషి దాకా రానీయకుండా మెషీన్‌తోనే సరిపెట్టాలి, అన్నీ ఆమె గీసిన గీతల మీదే నడుస్తాయి. నర్సాపురంలో చుట్టాలకు ఇదంతా చెబితే టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగమా అన్నారు. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ అని ఊరుకుంటోంది.

పాడైంది మెషీన్, ఫోన్ కాదు. వారమంతా తనకు తాను ఈ ఒక్క మాటే నచ్చజెప్పుకుంది. స్నానం చేస్తూ చెప్పుకుంది, సిగ్నల్ దగ్గర కారాపి చెప్పుకుంది. నమ్మకం కుదిరిన మాటను మనిషి అన్నిసార్లు చెప్పుకోడు.

అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్ళోని ఆ చర్చి బిల్డింగ్ నిజానికి అమెరికన్లది. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయి, వాళ్ళ కార్లు ఖాళీ చేశాక, మధ్యాహ్నం తెలుగువాళ్ళకు ఇస్తారు. ఆ ఆదివారం బైబిల్ వాక్యం చదవాల్సిన వంతు దెబోరాది. ముందు తెలుగులో, తర్వాత ఇక్కడ పుట్టిన పిల్లల కోసం ఇంగ్లీషులో, ఆగి ఆగి చక్కగా చదువుతుందని ఆమెకు పేరు. ఆ రోజు గొంతు బాగాలేదని చెప్పి పుస్తకం వేరే అమ్మాయి చేతిలో పెట్టేసింది. కూర్చుందే గానీ, మడమ నేలకు ఆనలేదు. ఫోన్ ఒకసారి పర్సులో పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది.

పాస్టర్ గారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. పర్సిస్ లేచింది. హాస్పిటల్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, విజిటర్ స్టిక్కర్ స్వెట్టర్ మీద అలాగే ఉంది.

"ప్రభువు నా భర్తను నాకు మళ్ళీ ఇచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్లు అన్నారు. ఆ ఆలస్యం చేసింది నేనే. ఫోన్ పట్టుకుని కూర్చుండిపోయాను. ఎందుకు కూర్చున్నానో ఇక్కడ చెప్పను. నా గురించి ప్రార్థన చెయ్యండి."

ఆమెన్ అన్నారు అందరూ. ఆవిడ కూర్చోబోతూ వెనక్కి తిరిగి ఒక్క మనిషి వంకే చూసింది. దెబోరా చూపు తిప్పుకుని పర్సు జిప్పు మూసింది.

ఆరాధన అయ్యాక భోజనాలు. హాల్లో బిర్యానీ ట్రేల దగ్గర వరస కట్టారు. దెబోరా ఎవరి కంటా పడకుండా తలుపు వైపు నడుస్తుంటే కిచెన్‌లోంచి పర్సిస్ పిలిచింది.

"దెబోరమ్మా, ఇలా వచ్చి ఈ డబ్బా పట్టుకో. లెవి పొద్దున్నించి వాళ్ళ నాన్న దగ్గరే ఉన్నాడు, ఏం తినలేదు."

లెవి ఆవిడ కొడుకు. దెబోరా వెళ్ళి డబ్బా పట్టుకుంది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో తనను ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్ళి, అపార్ట్‌మెంట్ దొరికేదాకా ఇంట్లో ఉంచుకుని, డ్రైవింగ్ నేర్పించింది ఈవిడే. ఆ రుణం గుర్తొచ్చి ఆమె తల ఎత్తలేకపోయింది.

పర్సిస్ గరిటెతో బిర్యానీ సర్దుతూ అడిగింది. "ఇవాళ వాక్యం చదవలేదే?"

"గొంతు బాలేదాంటీ."

"మొన్న శనివారం బానే ఉందిగా."

"శనివారం మనం మాట్లాడుకోలేదు కదాంటీ."

"నువ్వు మాట్లాడావు. నేను విన్నాను. నాలుగు నొక్కాక నువ్వే వచ్చావు."

డబ్బా వంకర పోయి మెతుకులు గట్టు మీద పడ్డాయి. పర్సిస్ వాటిని చేత్తో ఎత్తి పక్కన పెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే దెబోరాకు కొంచెం సుఖంగా ఉండేది.

"ముందు ఎవరో అమెరికా ఆవిడ మాట్లాడింది. మెషీన్ గురించైతే నాలుగు నొక్కమంది. నొక్కాను. ఆ తర్వాత నీ గొంతు. ప్లీజ్ స్టే ఆన్ ది లైన్, వి హావ్ నాట్ ఫర్‌గాటెన్ యూ. పిల్లలకి ఇంగ్లీషులో వాక్యం చదువుతావే, అచ్చం అలాగే ఉంది."

దెబోరాకు ఆ మాటలు ఎక్కడ రికార్డ్ చేసిందో గుర్తొచ్చింది. ఆఫీస్ పార్కింగ్‌లో, కారు అద్దాలు ఎక్కించుకుని, తన ఫోన్‌లో. వాళ్ళ పనిలో ఇది అందరూ చేసేదే. కంపెనీ పెట్టుకున్న అసలు గొంతు రికార్డింగులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. అందాకా టెస్టింగ్ ఆగకూడదు కాబట్టి ఎవరో ఒకరు తమ గొంతుతో నాలుగు మాటలు పెట్టేస్తారు. అసలుది రాగానే తీసేయాలి. కొందరు కుర్రాళ్ళు ఆ తాత్కాలిక మాటల్లో జోకులు వేసుకుంటారు. దెబోరా వేయలేదు. తనే ఫోన్ చేసి ఆగి ఉంటే ఏ మాట వింటే బాగుంటుందో ఆ మాట చెప్పింది. చెప్పినంతసేపు పట్టలేదు మర్చిపోవడానికి.

"ఇంకెవరు అలా చెప్పినా ఆగేదాన్ని కాదమ్మా" అంది పర్సిస్. "ఆ కంపెనీలవాళ్ళ తియ్యటి మాటలు నాకు తెలియవా. పెట్టేసి, అంబులెన్స్ కోసం నైన్ వన్ వన్ కొట్టేదాన్ని. నీ గొంతు విని ధైర్యం తెచ్చుకున్నాను. మీ అంకుల్‌తో కూడా చెప్పాను, మన దెబోరమ్మ ఉందండీ లైన్‌లో అని. ఆయన తలూపారు. స్పీకర్‌లో పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికోసారి నువ్వొచ్చి మర్చిపోలేదు అనేదానివి. నువ్వన్నప్పుడల్లా నేను సరేనమ్మా అన్నాను."

"అది రికార్డింగ్ ఆంటీ." మాట నోరు జారాక దెబోరాకు సిగ్గేసింది.

"రికార్డింగని నాకు తెలుసు. అంత తెలివితక్కువదాన్ని కాదు. నువ్వు చెప్పావంటే, దాని వెనకాల నువ్వేదో ఏర్పాటు చేసే ఉంటావనుకున్నాను."

దెబోరా డబ్బా గట్టు మీద పెట్టి హాలు వైపు చూసింది. హాల్లోంచి పిల్లల కేకలు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"లెవికి తెలుసా?"

"చెప్పలేదు. వాడు లాయర్ని వెతుకుతున్నాడు. నీ పేరు నా నోటివెంట రాలేదు, రాదు కూడా. నాకు నీ దగ్గర కావలసింది ఒకటే. అంతసేపు నేను ఎక్కడ ఉన్నాను? నా ఫోన్ ఎవరి దగ్గర ఆగింది? అది తెలియక నాకు కంటి మీద కునుకు రావట్లేదు."

ఇలాంటి ప్రశ్నలకు కంపెనీలో రెడీమేడ్ జవాబులు చాలా ఉన్నాయి. కాల్స్ ఎక్కువగా ఉన్నాయి, సర్వర్ నెమ్మదిగా ఉంది, టెక్నీషియన్లు బిజీగా ఉన్నారు. మూడూ దెబోరా నాలుక చివరిదాకా వచ్చాయి. ఆవిడ మొహం చూసి మింగేసింది. ఫోన్ తీసి, ఆ కంపెనీ నంబర్ కొట్టి, స్పీకర్ ఆన్ చేసి, ఆవిడ ముందే గట్టు మీద పెట్టింది.

అమెరికా ఆవిడ స్వాగతం చెప్పింది. దెబోరా నాలుగు నొక్కింది. మామూలు రోజుల్లో ఆ నొక్కు నేరుగా టెక్నీషియన్ల దగ్గరికి పోతుంది, ఆమె స్వయంగా చూసుకుంది. ఇవాళ ఆదివారం. చిన్న క్లిక్, తర్వాత ఆమె గొంతు. తన గొంతు బయట నుంచి వింటే ఎవరికీ నచ్చదు. ఎంత నమ్మకంగా చెబుతోంది ఆ పిల్ల.

దాని వెనకే పియానో సంగీతం మొదలైంది. చవకరకం, చివర గీరుకుపోతుంది. ఆ సంగీతం వినగానే దెబోరాకు అంతా అర్థమైంది. అది ఆమె ఒక్క చోటే పెట్టింది. టెస్టింగ్ కోసం కట్టిన క్యూలో.

"చెప్పమ్మా."

"అక్కడ ఎవరూ లేరాంటీ." దెబోరా పియానో సౌండ్ తగ్గించింది. "అది టెస్ట్ చేసుకోవడానికి నేను కట్టిన క్యూ. మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తోందా లేదా అని చూడ్డానికి. డాక్టర్ లేని క్లినిక్‌లో వెయిటింగ్ రూమ్ లాంటిది. మీ ఫోన్ మోగడానికి అవతల ఎవరి టేబుల్ మీదా ఫోన్ లేదు. రోజంతా ఆగినా ఎవరూ ఎత్తరు. వీకెండ్ వచ్చినవాళ్ళని అందులోకి పంపుతున్నారు. ఎలా జరిగిందో నాకు తెలీదు."

పర్సిస్ గరిటె కింద పెట్టింది. ఏడుస్తుందేమో అనుకుంది దెబోరా. ఆవిడ ఏడవలేదు. ఫోన్‌లో ఇంకా మోగుతున్న పియానో వంక చూస్తూ అంది.

"అయితే నాలాంటోళ్ళు ఇప్పుడు కూడా ఉంటారు కదమ్మా అందులో. ఇవాళ ఆదివారమేగా."

దెబోరా ఆ సంగతే ఆలోచించలేదు. వారమంతా తన గురించే ఆలోచించుకుంది. ఫోన్ లాక్కుని కిచెన్ వెనక తలుపులోంచి దాదాపు పరుగెత్తింది. ఎండకు పార్కింగ్ మాడిపోతోంది. చర్చికి కూడా లాప్‌టాప్ తెచ్చుకునే జాతి కాబట్టి అది వెనక సీట్లోనే ఉంది. తెరిచి, తొడల మీద పెట్టుకుని, లాగిన్ అయింది. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టింది. పర్సిస్ డబ్బా సంచీతో వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

ఉన్నారు. టెస్ట్ క్యూలో మనుషులున్నారు. పేర్లు లేవు, ఫోన్ నంబర్ల చివరి అంకెలు, ఊళ్ళు, పక్కన పెరిగిపోతున్న టైము. మేకన్, రోమ్, సవానా, అన్నీ ఈ రాష్ట్రంలోని ఊళ్ళే. ఆమె చూస్తుండగానే మేకన్ మాయమై, ఆకుపచ్చ రంగులో కిందికి చేరింది. ఆకుపచ్చ అంటే సమస్య తీరిపోయిందని లెక్క. మనిషితో పని లేకుండా ముగిసిన ప్రతి కాల్‌నీ ఆ సిస్టం విజయం కిందే రాసుకుంటుంది. వీకెండ్స్‌లో విజయాలు ఎంత బాగా పెరిగాయోనని పోయిన నెల ఆఫీసులో కేక్ కోశారు. దెబోరా కూడా తింది.

మేకన్‌లో ఉన్నవాళ్ళు విసిగి పెట్టేశారో, ఫోన్ పట్టుకోలేక పెట్టేశారో తెలిసే దారి లేదు.

టీమ్ లీడ్ నిశాంత్‌కి ఫోన్ చేసింది. హనుమకొండ అబ్బాయి, మంచివాడే, ఆమె వీసా పేపర్ల కోసం క్లయింట్ అయిన ఆ మెషీన్ కంపెనీ చుట్టూ తిరిగేది అతనే.

"చెప్పు దెబోరా, ఏందీ సండే పూట?"

"నిశాంత్, వీకెండ్‌లో నాలుగు నొక్కినవాళ్ళు టెస్ట్ క్యూలోకి పోతున్నారు. ఇప్పుడు కూడా అందులో మనుషులున్నారు."

అవతల టీవీ చప్పుడు ఆగింది. "నువ్వేం ముట్టుకోకు. మండే మాట్లాడుదాం."

ఎప్పటినుంచి అని అతను అడగలేదు. ఎలా జరిగిందని అడగలేదు. అతనికి ముందే తెలుసని దెబోరాకు అప్పుడు తెలిసింది.

"నువ్వే పెట్టావా?"

"జర విను. వీకెండ్ టెక్నీషియన్లని ఇచ్చే కంపెనీతోని కాంట్రాక్ట్ సైన్ కాలే. లైన్ మొదలువెట్టే గో-లైవ్ డేట్ ఏమో ఆగదు. కాల్స్ ఎటో ఒక దిక్కు పోవాలె గదా. ఒక వారం మందమే అని అటు మళ్ళించిన. అట్లనే నడిచింది. నంబర్లు మంచిగ వస్తున్నయని పైనోళ్ళు కూడా ఏం అడగలే."

"నా గొంతు పెట్టి నడిపించారు."

"గొంతుదేముంది, తీసేద్దాం."

"మా చర్చిలో అంకుల్ ఒకాయన ఐసీయూలో ఉన్నారు. ఆంటీ ఆ క్యూలోనే ఉన్నారు నిశాంత్, నా మాట వింటూ."

నిశాంత్ గొంతు తగ్గించాడు. "ఇది ఎవరికన్న చెప్పినవా?"

దెబోరా లాప్‌టాప్ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"చేంజ్ ఫ్రీజ్ నడుస్తుంది, ఎవ్వరు ఏం మార్చొద్దు. ఇప్పుడు నువ్వు నడుస్తున్న ప్రొడక్షన్ లైన్‌ల చెయ్యి పెడితే, ఎవరు మార్చిన్రో రాసే లాగ్‌ల నీ పేరు పడ్తది. క్యూ నీది, గొంతు నీది, చేంజ్ నీది. జరిగిందంత నీ మీదికే వస్తది. నీ వీసా ఎక్స్‌టెన్షన్ క్లయింట్ లెటర్ కోసం ఆగి ఉన్నది. నేను బెదిరిస్తలేను. ఉన్నదే చెప్తున్న. మూస్కొని మండే దాక ఆగు."

ఆమె ఫోన్ పెట్టేసింది. భయం వేసింది. ఉద్యోగం పోతే ఆ వెంటే ఈ దేశంలో ఉండే హక్కు పోతుంది. ఆ సంగతి ఈ పార్కింగ్‌లో ఉన్న ప్రతి కారు ఓనరుకూ తెలుసు. అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"ఏమంటున్నాడమ్మా?" అడిగింది పర్సిస్.

"సోమవారం దాకా ఆగమంటున్నాడు."

ఆగడం ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. స్క్రీన్ మీద సవానా టైము పెరుగుతోంది.

దెబోరా అద్దాలు ఎక్కించింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, పిల్లలకు వాక్యం చదివే గొంతుతో ఇంగ్లీషులో కొత్త మాటలు రికార్డ్ చేసింది. ఈ లైన్‌లో ఇప్పుడు టెక్నీషియన్లు లేరు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే దయచేసి ఈ ఫోన్ పెట్టేసి వెంటనే 911కి చేయండి. పాత మాటలు తీసేసి వీటిని పెట్టింది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది వింటారు. ఇప్పటికే లోపల ఆగి ఉన్నవాళ్ళకు మాత్రం పాత మాటే తిరుగుతుంది, వాళ్ళ ఫోన్ ఎవరో ఒకరు ఎత్తాలి. టెక్నీషియన్ల నంబర్ ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆమెకు చూడకుండా వచ్చిన నంబర్లలో ఈ దేశానిది ఒకటే, తనది. అదే కొట్టింది.

ఇది ప్రొడక్షన్‌లో మార్పు, ఖాయమేనా అని సిస్టం అడిగింది. దెబోరా కిటికీ బయట ఉన్న విజిటర్ స్టిక్కర్ వంక చూసింది. ఖాయం అని నొక్కింది. లాగ్‌లో ఆమె పేరు వచ్చి కూర్చుంది.

వెంటనే ఫోన్ మోగింది. చూస్తే నిశాంత్. ఆమె ఎత్తేలోపే దాని పైన ఇంకో నంబర్ వచ్చింది, సవానా కోడ్‌తో. నిశాంత్‌ని పక్కకు తోసి దాన్ని ఎత్తింది.

"హలో" అంది.

అవతల ఎవరో ముసలావిడ గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత, ఎంతో కాలంగా తెలిసిన మనిషితో మాట్లాడినట్టు, ఇంగ్లీషులో నెమ్మదిగా అంది.

"ఓ, నువ్వేనా హనీ. వస్తావని నాకు తెలుసు. నువ్వు చెప్పినట్టే లైన్‌లోనే ఉన్నాను. మా ఆయన ఇందాకటి నుంచి పలకడం లేదు. ఇప్పుడేం చెయ్యమంటావు?"